రాత్రి పూట ఒక నీడ

2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షలు. వారిలో సగానికి పైగా పట్టణాల్లోనే ఉన్నారు. ఫుట్‌పాత్ మీద, ఫ్లైఓవర్ కింద పడుకునేవారిని లెక్కించడం తేలిక కాదు కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే కావచ్చు.

లక్ష జనాభాకు ఒక ఆశ్రయం చొప్పున ఏడాది పొడవునా, పగలూ రాత్రీ తెరిచి ఉంచాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ దీనికి నిధులు ఇచ్చింది. నిబంధనల ప్రకారం మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, మంచినీళ్లు, మరుగుదొడ్లు, సామాన్లకు లాకర్లు ఉండాలి. లాకరు చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, కూలి డబ్బులూ ఆధార్ కార్డూ తలకింద మూటలో పెట్టుకుని పడుకునేవాడికి కంటినిండా నిద్ర పట్టేది దానివల్లే.

హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ ఆశ్రయాలను చాలావరకు స్వచ్ఛంద సంస్థలు నడుపుతాయి. పెద్దాసుపత్రుల దగ్గరి ఆశ్రయాల్లో రోగుల వెంట ఊళ్ల నుంచి వచ్చినవారు తలదాచుకుంటారు. తిండి విషయానికొస్తే, అయిదు రూపాయల భోజనం హైదరాబాద్‌లో 2014 నుంచి దొరుకుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై మధ్యలో మూతపడ్డ, ఇలాంటి చవక భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2024లో మళ్లీ తెరుచుకున్నాయి.

ఆశ్రయం ఉన్నా కొందరు రారు. తెల్లవారుజామునే కూలీల అడ్డా మీద నిలబడాల్సినవారికి దూరమే అడ్డంకి. భార్యాపిల్లలతో ఉన్నవారికి కుటుంబాల కోసం ప్రత్యేక ఆశ్రయాలు కావాలి, అవే తక్కువ.