ఆకు రాల్చడం బతికున్న చెట్టు పని

శ్రావణంలో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి వచ్చే భక్తులకు నీడనిచ్చే రావి, వేపచెట్లు ఫాల్గుణం నాటికి బోసిపోతాయి. ఆదోని, ఎమ్మిగనూరు దారుల్లోనూ అంతే. చెట్టుకు తెగులు తగిలిందేమోనని కొందరు బెంగపడతారు. ఆ బెంగ అక్కర్లేదు.

ఆకు దానంతటది ఊడిపోదు, చెట్టే రాలుస్తుంది. ముందుగా ముదురాకులోని పత్రహరితం విచ్ఛిన్నమై ఆకు పసుపుబారుతుంది. అందులోని నత్రజని, భాస్వరం చాలావరకు కొమ్మలోకి తిరిగి చేరతాయి. ఆక్సిన్ అనే హార్మోను తగ్గి, ఇథిలీన్ ప్రభావం పెరుగుతుంది. తొడిమ మొదట్లో ఉండే సన్నని పొరలో కణాల గోడల్ని ఎంజైములు కరిగిస్తాయి. ఇక చిరుగాలి చాలు. తెగినచోట బెరడులాంటి పొర ఏర్పడి తేమ పోకుండా, తెగుళ్లు చొరబడకుండా కాస్తుంది. రాలిన రావి ఆకు తొడిమ కొసను చూడండి: పీకినట్టు పీచులు లేచి ఉండవు, నున్నగా ఉంటుంది.

ఫాల్గుణం నాటికి వానలు ఆగి నెలలు గడిచి, నల్లరేగడి నెర్రెలిస్తుంది. ఆకుల గుండా నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. పాతాకు వదిలేస్తే ఆ ఖర్చు తగ్గి, లోతు వేర్లు తెచ్చే నీటితో కొమ్మలు మళ్లీ నిండుతాయి. అందుకే తొలకరికి ఎంతో ముందే, ఎండలు ముదిరేవేళ రావి రాగిరంగు చిగురు తొడుగుతుంది. ఉగాది పచ్చడికి వేపపూత అందుతుంది.

మన సంపెంగ మాగ్నోలియా జాతి చెట్టు. ఏడాది పొడవునా పచ్చగా ఉన్నా అదీ ఆకు రాలుస్తుంది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పెరిగే సతతహరిత మాగ్నోలియా ఆకు సుమారు రెండేళ్లు నిలుస్తుంది. వసంతంలో చిగురు వేసే వేళకు పాతాకులు ఎక్కువగా రాలతాయి. ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టంటే ఆకు రాల్చనిది కాదు, అన్నీ ఒక్కసారే రాల్చనిది.

భయపడాల్సింది వేరే ఉంది. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు శిలీంధ్రం సోకి, కాలం కాని కాలంలో, కొమ్మల కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. చచ్చిన కొమ్మ తీరు వేరు: గుమ్మానికి కట్టిన మామిడిమండ ఎండినా ఆకుల్ని వదలదు. చచ్చిన కొమ్మకు ఆకు రాల్చే సత్తువ ఉండదు.

రాలిన ఆకుకు నిప్పు పెట్టకండి. చెట్టు వెనక్కి తీసుకోలేని కాల్షియం అందులోనే ఉంటుంది. పాదులో పరిస్తే వేసవి తేమ నిలుస్తుంది, కుళ్లి ఎరువవుతుంది.