కేప్ కోస్ట్‌కు ఒంటరిగా: ఒక్క పూట చాలదు

ఘనా రాజధాని అక్రా నుంచి కేప్ కోస్ట్‌కు దాదాపు 145 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే మూడు గంటలు, కాసోవా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే నాలుగు. పొద్దున వెళ్లి రాత్రికి అక్రా వచ్చేద్దామనుకుంటే ఆరేడు గంటలు రోడ్డుమీదే గడిచిపోతాయి, అక్కడి బానిస వ్యాపార కాలపు కోటకు మిగిలేది గంటో గంటన్నరో. మూడున్నర శతాబ్దాల్లో దాదాపు 1.25 కోట్ల మంది ఆఫ్రికన్లను బానిసలుగా అట్లాంటిక్ ఓడల్లోకి ఎక్కించారు. అవతలి ఒడ్డుకు ప్రాణాలతో చేరింది దాదాపు 1.07 కోట్ల మందే. ఆ చరిత్రకు సాక్ష్యంగా నిలిచిన గోడల మధ్య గంటసేపు తిరిగి వచ్చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. మూడు రాత్రులు ఉండేలా వెళ్లండి. ఒంటరి ప్రయాణమే కాబట్టి తొందరపెట్టేవారు పక్కన ఉండరు.

సన్నాహాలు టీకాతో మొదలవ్వాలి. తొమ్మిది నెలలు దాటిన ప్రతి ఒక్కరికీ ఘనాలో అడుగుపెట్టడానికి ఎల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరి. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే ఈ టీకా వేస్తారు, హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. పత్రం లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. వీసా ఢిల్లీలోని ఘనా హైకమిషన్ నుంచి తెచ్చుకోవాలి. విమానానికి రెండు నెలల ముందే ఈ పనులు మొదలుపెడితే నిశ్చింతగా ఉండొచ్చు.

మే, జూన్ నెలల్లో అక్కడ వానలు దంచికొడతాయి. నవంబర్ నుంచి మార్చి వరకు పొడి వాతావరణం. సెప్టెంబర్ మొదటి శనివారం ఫెటు అఫాహ్యే పండుగ. ఊరంతా వీధుల్లోనే ఉంటుంది కాబట్టి ఆ వారానికి గది ముందే చూసుకోవాలి.

ఇక కోట. 1653లో స్వీడన్ వ్యాపారులు ఇక్కడ కట్టిన కోట చేతులు మారి, 1660లలో బ్రిటిష్‌వారి వశమైంది. 1877లో అక్రాకు తరలించేదాకా గోల్డ్ కోస్ట్ పాలన ఇక్కడి నుంచే సాగింది. గైడ్ వెంట మగవాళ్ల నేలమాళిగలోకి దిగుతుంటే దారి ఏటవాలుగా చీకట్లోకి పోతుంది. వెలుతురు, గాలి రావడానికి పైకప్పు దగ్గర చిన్న చిన్న కంతలే ఉన్నాయి. నేల మధ్యలో మురుగు పోవడానికి తవ్విన కాలువ కనిపిస్తుంది. ఇలాంటి గదుల్లో వందల మందిని వారాలు, నెలల తరబడి కుక్కి ఉంచారు. సరిగ్గా ఆ గదుల పైనే ప్రార్థనా మందిరం ఉండేది. ఈ సంగతి విన్నాక గుంపులో ఎవరూ కాసేపు మాట్లాడలేరు. సముద్రం వైపు తెరుచుకునే ద్వారం దాటితే ఎదురుగా పడవలు, వలలు, చేపలమ్మే ఆడవాళ్లు. 1998లో అమెరికా, జమైకాల నుంచి ఇద్దరు బానిసల అస్థికలను అదే ద్వారం గుండా లోపలికి తెచ్చారు. గైడ్‌తో తిరగడం గంటలో అయిపోతుంది. ఆ తర్వాత మ్యూజియం చూసి, ప్రాంగణంలో ఒక్కరే కూర్చోండి. రెండో రోజు మళ్లీ రావాలనిపిస్తే రండి.

పడమటికి 12 కిలోమీటర్ల దూరంలో ఎల్మినా. పోర్చుగీసువారు ఇక్కడ కోట కట్టింది 1482లో, అంటే వాస్కోడగామా కాలికట్‌లో దిగడానికి 16 ఏళ్ల ముందే. 1637 నుంచి 1872 వరకు, 235 ఏళ్లు అది డచ్చివారిది. మచిలీపట్నంలో నూలుబట్టలు కొన్నదీ డచ్చివారే. కోరమాండల్ తీరంలో నేసిన బట్ట యూరప్ మీదుగా ఈ తీరానికి చేరి, మనుషుల్ని కొనడానికి మారకపు సరుకైంది. కృష్ణా గోదావరి జిల్లాల నుంచి వెళ్లేవారికి ఆ కోట పరాయి చరిత్ర కాదు. ఈ తీరంలోని కోటలకు 1979లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది.

ఎల్మినాకు మంగళవారం తప్ప ఏ రోజైనా వెళ్లండి. ఆ రోజు సముద్రంలో చేపలు పట్టకూడదన్నది అక్కడి ఆచారం కనుక రేవులో సందడి ఉండదు.

ఒక పూట కాకుమ్ అడవికి కేటాయించవచ్చు. ఊరికి ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్లు. చెట్ల కొమ్మల మధ్య ఏడు వేలాడే వంతెనలు, మొత్తం 350 మీటర్లు. కోటలు చూసి బరువెక్కిన మనసుకు అది అవసరమే.

అక్రాలో కనేషీ స్టేషన్ నుంచి కేప్ కోస్ట్‌కు వెళ్లే ట్రోట్రో వ్యాన్లు నిండాకే కదులుతాయి. పొద్దున్నే బయల్దేరండి, చీకటి పడ్డాక ఆ రహదారి మీద ప్రయాణం పెట్టుకోవద్దు. రాత్రివేళ బీచ్‌లో ఒంటరిగా తిరగొద్దు. అలలు లోపలికి లాగే తీరం కాబట్టి ఈత కూడా వద్దు. డబ్బిచ్చినా, వస్తువు అందుకున్నా కుడిచేత్తోనే, ఆ మర్యాద మనకు కొత్తేం కాదు. శాకాహారులకు అలసందల కూర, వేయించిన అరటిపండుతో పెట్టే రెడ్‌రెడ్ ఉంది, అందులో చేప కలపొద్దని ముందే చెప్పాలి. అక్కడ సాయంత్రం నాలుగైతే మన ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నర. రోజూ ఆ వేళకు ఫోన్ చేస్తానని ఇంట్లో చెప్పి వెళ్లండి.

మలేరియా మాత్రల సంగతి డాక్టర్‌తో మాట్లాడండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే తిరిగొచ్చాక మరో ఏడు రోజులు, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు మింగాలి. ఇంటికొచ్చిన నెలల తర్వాత జ్వరం వచ్చినా, ఘనా వెళ్లొచ్చానని డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.