త్యాగయ్యకు టిక్కెట్టు పెట్టాం

మా ఊరి త్యాగరాజోత్సవాలకు టిక్కెట్టు పెట్టాలని తీర్మానించిననాడు చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది. లేకపోతే, "ఆనాడు ఈ ధర్మపన్నాలన్నీ ఏమైనాయి మాష్టారూ?" అంటూ మా కార్యదర్శిగారు ఈ పత్రిక చేత్తో పట్టుకుని మా ఇంటికి రాగలరు.

ఏటా పుష్య బహుళ పంచమికి వారం రోజుల ముందునుంచీ హైస్కూలు ఆవరణలో పందిరి వేసి కచేరీలు చేయిస్తాం. నా చిన్నప్పటినుంచీ ఆ పందిరికి గోడా లేదు, గుమ్మమూ లేదు. ఎవరికి తోచినప్పుడు వారు వచ్చి కూర్చునేవారు. ఆకలివేస్తే లేచి వెళ్ళి, భోంచేసి, తాంబూలం వేసుకుని మళ్ళీ వచ్చేవారు. పిల్లలు తల్లుల ఒళ్ళో నిద్రపోయేవారు. కూరలసంచీతో ఇంటికి వెడుతున్న మనిషి వర్ణం చెవిన పడి ఒక్క క్షణం ఆగి, ఆ సంచీతోనే మంగళం దాకా నిలబడిపోవడం నేను కళ్ళారా చూశాను. ఆ కూరలు ఆ రాత్రి ఎవరు వండారో, ఎవరేమన్నారో మనకు తెలియదు.

ఈ వైభవమంతా ఎవరి ఖర్చుమీద జరిగేదంటే, ఒక బియ్యం మిల్లు యజమాని, ఇద్దరు బట్టలకొట్ల వారు, ఒక డాక్టరుగారు. మిల్లాయన పోయారు. వారి కుమారులలో ఒకరు హైదరాబాదులో, ఒకరు ఆస్ట్రేలియాలో వున్నారు. బట్టలకొట్ల వారు "ఈసారికి మన్నించాలి" అన్నారు. పందిరి, మైకు, కుర్చీలు, విద్వాంసులకు బస, రానుపోను ఛార్జీలు మాత్రం ఏటేటా పెరిగేవేగాని తగ్గేవి కావు.

"ఊరికే దొరికేదానికి విలువ వుండదండీ. సినిమాకు కుటుంబసమేతంగా వెళ్ళి వెయ్యిరూపాయలు పోసివస్తారు. త్యాగయ్యకు యాభై ఇవ్వలేరా?" అన్నారు అధ్యక్షులు. మద్రాసు సంగతి కూడా వారే ఎత్తారు. అక్కడి మార్గశిర కచేరీల్లో పెద్ద విద్వాంసులు పాడే సాయంకాలాలకు టిక్కెట్టు. పగటిపూట కొత్తవారు పాడే కచేరీలు చాలా సభల్లో ఉచితమే. 1927లో కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సమావేశంలోనుంచి పుట్టి, 1928లో ఏర్పడిన మ్యూజిక్ అకాడమీకి లేని సంకోచం మనకెందుకన్నారు.

నేను చెయ్యెత్తింది ఈ వాదనలు విని కాదు. కమిటీ లెక్కలు వ్రాసేది నేను. అంతకు ముందు సంవత్సరం మృదంగం వాయించిన కుర్రవాడికి కవరులో ఏమి పెట్టి ఇచ్చామో నాకు తెలుసు. బస్సు ఛార్జీలు పోగా అతనికి మిగిలింది శాలువా ఒక్కటే. ప్రవేశం ఉచితమని మనం గొప్పలు చెప్పుకుంటున్నాం, టిక్కెట్టు మాత్రం ఆ పిల్లవాడి చేత కొనిపిస్తున్నాం అనిపించింది. గాయకుడికి పేరు వుంటుంది, బేరం వుంటుంది. పక్కవాద్యం వాడికి ఏముంటుంది?

ఆ విధంగా ముందు కుర్చీలు 200, వెనుక కుర్చీలు 50 అయినాయి. ఆఖరి వరుసలు ఉచితమే, కాని ఆఫీసు గదిలో పాసు తీసుకోవాలి. పందిరి చుట్టూ వెదురు దడి కట్టారు. మధ్యలో తాడు వచ్చింది. తాడు దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రవాడు వచ్చాడు. డబ్బూ వచ్చింది. మృదంగం అతనికి ఈసారి ఇవ్వవలసినట్టు ఇచ్చాం. కవరు అందిస్తూ నేను అతని ముఖం కేసి ధైర్యంగా చూడగలిగాను.

వారం గడిచాక, ఇస్త్రీబట్టలు వచ్చినప్పుడు తెలిసింది అసలు సంగతి.

మా వీధి మలుపులో ఇస్త్రీబండి పెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. రాత్రి తొమ్మిదింటికి బొగ్గులు ఆర్పి, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, పందిట్లో ఆఖరి రాట దగ్గర కూర్చునేవాడు. మర్నాడు బట్టలు తెచ్చినప్పుడు ఏదో ఒకటి అడిగేవాడు. ఒక ఏడు, "మాష్టారూ, నిన్న రెండోది పాడారే, అదీ, మొన్న ఆడమనిషి ఆఖర్న పాడిందీ ఒకటేనాండీ?" అన్నాడు.

"కాదయ్యా, రెండూ వేరు వేరు కీర్తనలు," అన్నాను, యం.ఏ. చదివిన వాణ్ణి గదా.

"మాటలు వేరేలెండి. లోపల నడక ఒకటే అనిపించిందండి."

మా ఆవిడ నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నది. వంటింట్లోనుంచి తొంగిచూసి, "రెండూ మోహనే. అతను చెప్పింది నిజం," అన్నది. సాహిత్యం నాకు కంఠతా వచ్చు. రాగం పట్టుకున్నది మాత్రం అతను. ఇరవై ఏళ్ళు ఆ రాట దగ్గర కూర్చుంటే అబ్బిన విద్య అది. దానికెవరూ జీతం పుచ్చుకోలేదు.

ఈసారి ఏమీ అడగలేదు. నేనే అడిగాను, కచేరీలకు వచ్చావా అని.

"లేదండి."

"అదేమిటయ్యా, వెనకాల ఉచితమే గదా. పాసు ఇచ్చారు గదా?"

"వెళ్ళానండి. పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాయమన్నారండి. పాట వినడానికి ఇవన్నీ ఎందుకులే అని వచ్చేశానండి." తువ్వాలు మడత సరిచేసుకుంటూ, "పందిట్లోకి ఇదివరకు ఎవర్నీ అడిగి రాలేదు గదండీ," అన్నాడు.

ఆ పాసు పద్ధతి నేను వ్రాసిపెట్టిందే. ఎవరో ఒకే చేత్తో పది పాసులు పట్టుకుపోకుండా వుండాలని, ముచ్చటగా నాలుగు గళ్ళు గీసి కాగితం తయారుచేశాను.

ఇట్లాగని, ఊరికే పెట్టినంతమాత్రాన తలుపు తెరిచి వున్నట్టే అనుకోవడమూ పొరపాటే. తిరువయ్యారునే చూడండి. 1847లో త్యాగయ్యగారు సిద్ధిపొందిన ఆ ఊళ్ళో జరిగే ఆరాధనకు ప్రవేశరుసుము లేదు. ఎంతటి విద్వాంసులైనా పారితోషికం లేకుండానే పాడతారు. కాని అక్కడి సమాధి పాడుపడివుంటే, స్థలం కొని, తాను పాడి సంపాదించిన సొమ్ముతో 1925 నాటికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారిని, ఆడది కావడంచేత, ఆ ఉత్సవంలో పాడనివ్వలేదు. ముద్దుపళని కావ్యాన్ని 1910లో తిరిగి అచ్చువేయించిన విదుషి ఈమెయే. ఆమె ఆడవాళ్ళను కూడగట్టుకుని తన ఆరాధన తాను జరిపించుకున్నది. తగవులు తీరి పక్షాలు ఏకమయ్యేసరికి 1940 వచ్చింది. ఆమెను ఎవరూ టిక్కెట్టు అడగలేదు. అడిగివుంటే కొనుక్కునే వుండేది.

ఈ చింతలో వుండగా, అమెరికాలోని డెట్రాయిట్ దగ్గర వుద్యోగం చేస్తున్న నా పాత శిష్యుడొకడు సెలవుకు వచ్చి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నా గొడవ విని, "మా ఊళ్ళో ఈ పరీక్ష రెండు విధాలా జరిగింది మాష్టారూ," అన్నాడు. అతను చెప్పినదానికి తరవాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెపుతాను.

డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల పట్నం. 1950లో 18 లక్షల పైచిలుకు జనం వుండేవారు. ఫ్యాక్టరీలు తరలిపోయి, 2020 నాటికి 6 లక్షల 40 వేల లోపుకు దిగిపోయింది. 2013లో నగరపాలక సంస్థే దివాలా దరఖాస్తు పెట్టుకున్నది. టెక్నో అనే యంత్రసంగీతం పుట్టింది ఆ పట్నం పరిసరాల్లోని నీగ్రోజాతి యువకుల చేతుల్లోనే. (మనకు అది చెవికి ఇంపుగా వుండదనుకోండి. వాళ్ళకు మన తానం ఎట్లా వుంటుందో!) 2000లో నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో ఆ సంగీతానికి ఉచితంగా ఉత్సవం మొదలుపెట్టారు. జనం విరగబడ్డారు. నగరం చేతిలో డబ్బు ఆడక పక్కకు తప్పుకున్నది. ఆ సంగీతాన్ని పుట్టించినవారిలో ఒకడైన డెరిక్ మే 2003లో ఉత్సవాన్ని నెత్తికెత్తుకుని చేతిసొమ్ము పోగొట్టుకున్నాడు. 2005లో మరొక ఆద్యుడు కెవిన్ సాండర్సన్ తొలిసారిగా ప్రవేశానికి రుసుము పెట్టాడు. జనం బాగా పలచబడ్డారు, ఉత్సవం మాత్రం నిలిచింది. మరుసటి ఏడు వేరే సంస్థ చేతుల్లోకి వెళ్ళి, మూడురోజులకు కొన్ని వందల డాలర్ల టిక్కెట్టుతో ఇప్పటికీ సాగుతున్నది. దూరదేశాలవారు విమానమెక్కి వస్తారు. టిక్కెట్టు పెట్టకపోతే ఆ ఉత్సవం ఏనాడో మూతపడేదని నా శిష్యుడి అభిప్రాయం. నేనూ కాదనలేను.

అదే ప్లాజాలో సెప్టెంబరు మొదట్లో జాజ్ ఉత్సవం జరుగుతుంది. ఇది 1980లో పుట్టింది. దీనికీ చందాదార్లు జారిపోయినారు, దీనికీ గండం వచ్చింది. అప్పుడు గ్రెచెన్ వలేడ్ అనే పెద్దావిడ, కార్మికుల దుస్తులు కుట్టే కార్హార్ట్ కంపెనీ స్థాపకుని మనమరాలు, ముందుకు వచ్చి 2006లో కోటి డాలర్ల మూలనిధి ఏర్పాటుచేసింది. ఆమె 2022లో, 97వ ఏట, కన్నుమూసింది. ఆ ఉత్సవానికి మాత్రం దడీ లేదు, తాడూ లేదు. ఆఫీసునుంచి ఇంటికి వెడుతున్నవాడు ఆగి వినవచ్చు.

కోటి డాలర్ల పెద్దావిడ మా ఊళ్ళో లేదు. అయినా ఆ పద్ధతిలో నాకు నచ్చింది డబ్బు మొత్తం కాదు. ఏటేటా చందాపుస్తకం పట్టుకుని తిరిగి ఆ ఏటికి ఆ ఏడు ఖర్చుచేసే మనం, ఇన్నేళ్ళలో ఒక్క ఏడైనా కొంత బ్యాంకులో వేసి, వడ్డీ మాత్రమే వాడుకోవాలని అనుకోలేదు. మిల్లాయన వున్న రోజుల్లో అడిగివుంటే కాదనేవారు కారు. అడగవలసిన లెక్కలవాణ్ణి నేనే.

మొన్న సమావేశంలో లేచి నిలబడ్డాను. కుర్చీలకు టిక్కెట్టు వుండనివ్వండి, దడి తీసేయండి, తాడు తీసేయండి, వెనక అంతా చాపలు పరిచి, ఎవరినీ పేరు అడగవద్దు, పక్కవాద్యాలవారి కవర్లు మాత్రం తగ్గించవద్దు, మిగిలినది ఎంతైనా సరే, బ్యాంకులో మూలనిధిగా వేద్దాం, అన్నాను. దడి లేకపోతే కుర్చీ టిక్కెట్లు ఎవరు కొంటారని అధ్యక్షులు అడిగారు. నడుంనొప్పి వున్నవాళ్ళంతా కొంటారన్నాను. నవ్వారు. ఆస్ట్రేలియాలో వున్న మిల్లాయన కుమారుడికి ఉత్తరం వ్రాసే పని నామీద పెట్టారు. దడి విషయం మాత్రం ఈ ఒక్క ఏడూ చూసి చెపుదామన్నారు, ఒక్క ఓటు ఆధిక్యతతో.

మర్నాడు ఇస్త్రీబండి దగ్గర ఆగి సంగతి చెప్పాను. అతను పెట్టెలోని బొగ్గులు కదుపుతూ కొంతసేపు ఊరుకుని, "ఆ రాట దగ్గర కూడా చాప వేస్తారాండీ?" అని అడిగాడు.

వేస్తామన్నాను.