చీటీలో లేని సామాను

ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు మనసులో లేని వస్తువును దుకాణంలో కంటబడగానే కొనేయడం ఉబలాటపు కొనుగోలు. హాకిన్స్ స్టెర్న్ అనే అమెరికన్ పరిశోధకుడు 1962లో దీన్ని నాలుగు రకాలుగా విడదీశాడు. కేవలం ముచ్చటపడి కొనేది మొదటిది. వస్తువును చూడగానే ఇంట్లో అది నిండుకున్న సంగతి గుర్తొచ్చి కొనేది రెండోది. ఎన్నడూ వాడనిదాన్ని చూసి, పనికొస్తుందనిపించి కొనేది మూడోది. ఏదో ఒకటి కొందామనే వచ్చి, తగ్గింపు ధర చూసి ఎంచుకునేది నాలుగోది. వీటిలో రెండోది మేలే చేస్తుంది. ఇంటి బడ్జెట్‌కు ఎక్కువగా గండి కొట్టేది మొదటిదే.

ఈ ఉబలాటం దుకాణం అమరికను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. హైదరాబాద్ పాతబస్తీలోని కిషన్‌బాగ్‌లో ఈ తేడా తెలుస్తుంది. గల్లీలోని కిరాణా దుకాణంలో సరుకు గల్లాపెట్టె వెనక ఉంటుంది. చీటీ చదివి, తూచి, పొట్లం కట్టి ఇచ్చేది దుకాణదారే. అడగనిది చేతికి రాదు. నెల సామాను ఒకేసారి తెచ్చుకోవాలంటే మీర్ ఆలం మండీ ఉంది, పురానాపూల్ దాటితే బేగంబజార్ ఉంది. పక్కనున్న అత్తాపూర్ వైపు సూపర్‌మార్కెట్‌కు వెళ్తే మాత్రం సరుకంతా చేతికందే ఎత్తులో ఉంటుంది, అడ్డుచెప్పేవారు ఉండరు.

కొనేవారే సరుకు తీసుకునే ఈ పద్ధతిని 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ తన పిగ్లీ విగ్లీ దుకాణంతో మొదలుపెట్టాడు. చేతిబుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించిన సిల్వన్ గోల్డ్‌మన్ 1937లో చక్రాల బండిని తెచ్చాడు. హైదరాబాద్‌లో ఈ పద్ధతిని ఇంటింటికీ అలవాటు చేసిన దుకాణాల్లో త్రినేత్ర ఒకటి. అదే తర్వాత ఆదిత్య బిర్లా గ్రూప్ చేతికి వెళ్లి 'మోర్'గా మారింది.

దుకాణంలో ప్రతి అమరికకూ ఒక లెక్క ఉంటుంది. రోజూ కావలసినవి లోపలెక్కడో ఉంటే, అక్కడికి చేరేలోపు పది అరలు దాటాలి. సంగీతం కూడా పనిచేస్తుంది. 1982లో రొనాల్డ్ మిల్లిమన్ ప్రచురించిన అధ్యయనంలో, నెమ్మదైన సంగీతం వినిపించిన రోజుల్లో ఒక సూపర్‌మార్కెట్ అమ్మకాలు, వేగమైన సంగీతం వినిపించిన రోజులకంటే 38 శాతం ఎక్కువగా నమోదయ్యాయి. బిల్లు కౌంటర్ దగ్గర చాక్లెట్లు పిల్లల కంటికి ఎదురుగా ఉంటాయి. ఇంగ్లాండ్‌లో 2022 అక్టోబరు నుంచి పెద్ద దుకాణాలు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న చాలా రకాల తినుబండారాలను ఆ చోట పెట్టకూడదు.

ఈ ఉబలాటానికి మొదటి విరుగుడు చీటీయే. వంటింట్లో డబ్బాలు మూతతీసి చూశాకే రాయాలి. పేరు పక్కన కొలత కూడా ఉండాలి. 'కందిపప్పు' అని రాస్తే చాలదు, 'కందిపప్పు రెండు కిలోలు' అని రాయాలి. రంజాన్‌కు ఖర్జూరం, సేమియా, ఉగాదికి కొత్త చింతపండు, బెల్లం వంటి పండుగ సామానుకు వేరే చీటీ, వేరే డబ్బు పెట్టుకుంటే నెల సామాను లెక్క చెదరదు. కడుపు నింపుకుని వెళ్లడం, నాలుగు వస్తువులకే అయితే బండి వదిలి చేతిబుట్ట తీసుకోవడం, లెక్కపెట్టిన నగదే పట్టుకెళ్లడం కూడా ఉపయోగపడతాయి.

'రెండు కొంటే ఒకటి ఉచితం' అన్నచోట పొట్లం వెనక చూడాలి. ప్యాకెట్ సరుకుల నిబంధనలకు 2021లో చేసిన సవరణ వల్ల గరిష్ఠ చిల్లర ధరతో పాటు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలి. పెద్ద ప్యాకెట్ నిజంగా చవకో కాదో అక్కడే తెలుస్తుంది. చవకగా వచ్చిన రవ్వ అయినా వాడేలోపు పురుగుపడితే నష్టమే.

ఫోన్‌లో సరుకు తెప్పించుకునేవారికి వేరే వలలు ఉంటాయి. అడగని వస్తువును బుట్టలో చేర్చడం, లేని తొందరను చూపించడం వంటి 13 మోసపు పద్ధతులను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నిషేధించింది. ఫిర్యాదు చేయాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నెలాఖరున చీటీని, బిల్లును పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. చీటీలో లేకపోయినా వాడుకలోకి వచ్చినవి వచ్చే నెల చీటీలోకి చేరతాయి. మూత తీయకుండా మిగిలినవే ఉబలాటానికి కట్టిన వెల.