డెబ్బై సెంటీమీటర్ల దూరంలో వెనక రోడ్డు

కారు సైడ్ మిర్రర్లు తీసేసి వాటి చోట వేలెడంత కెమెరాలు బిగించడం గురించి రాసేవాళ్లు గాలి గురించి రాస్తారు, మైలేజీ గురించి రాస్తారు, బండి సొగసు గురించి రాస్తారు. కంటి ఊసు మాత్రం అరుదుగా వస్తుంది. నేను అనంతపురంలో చూపు పరీక్షించి కళ్లజోళ్లు రాసే ఆప్టోమెట్రిస్టుని. హైదరాబాద్–బెంగళూరు హైవే మీద లారీలు, ట్యాక్సీలు, బస్సులు నడిపేవాళ్లు మా దగ్గరికి నిత్యం వస్తుంటారు. నలభై ఐదు దాటినవాళ్లే ఎక్కువ. అందుకే ఈ కెమెరాల కబురు విన్నప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది వాళ్ల కళ్లే.

విషయం ఇదీ. తలుపు మీద మిర్రర్ ఉండాల్సిన చోట సన్నటి కొమ్మలాంటిది ఒకటి ఉంటుంది. దాని కొసన కెమెరా. అది చూసిన దృశ్యం కారు లోపల, డ్రైవరుకు ఇటూ అటూ అమర్చిన రెండు తెరల మీద కనిపిస్తుంది. అంతర్జాతీయ వాహన నిబంధనల్లో దీనికి దారి తెరిచాక, 2016లో జపాన్ ఇలాంటి కార్లను రోడ్డెక్కనిచ్చింది. 2018 అక్టోబరులో అక్కడే లెక్సస్ ఈఎస్ వచ్చింది. పెద్ద సంఖ్యలో తయారయ్యే కార్లలో మిర్రర్ లేకుండా దొరికిన మొదటిది అదే. ముందు అద్దం పక్క స్తంభాల మొదట్లో అయిదంగుళాల తెరలు పెట్టారు. వెంటనే ఆడి ఈ-ట్రాన్ తెరలను తలుపుల్లోనే ఇమిడ్చింది. 2020 నాటి ‘హోండా ఈ’ అనే కారులో కెమెరాలే తప్ప మిర్రర్లు ఎంచుకునే వీలే లేదు. తెరలు డ్యాష్‌బోర్డు రెండు చివర్లలో ఉండేవి. చైనా 2023 జులై నుంచి వీటిని అనుమతించింది. అమెరికాలో కొత్త కారుకు ఇప్పటికీ మిర్రర్ ఉండి తీరాలి.

గాలి సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. వేగం పెరిగేకొద్దీ మిర్రర్ గాలికి అడ్డుపడుతుంది, హోరు పుట్టిస్తుంది. ఈ-ట్రాన్ గాలి నిరోధం మామూలు మిర్రర్లతో 0.28 అనీ, కెమెరాలతో 0.27 అనీ ఆడి చెప్పింది. బండి వెడల్పు పదిహేను సెంటీమీటర్లు తగ్గింది. బ్యాటరీ కారుకు ఇది కొంత కలిసొచ్చే మాటే. కానీ ఇంత చిన్న తేడా కోసం కంటి మీద కొత్త బరువు వేయాలా అని నాకు అనిపిస్తుంది.

కంటికి నిజంగా మేలు చేసేది రాత్రి. మా ఊరు దాటి పెనుకొండ వైపు చీకట్లో వెళ్తుంటే వెనక వచ్చే బండి హైబీమ్ తగ్గించదు. ఆ వెలుగు సైడ్ మిర్రర్‌లో పడి సూటిగా కంట్లోకి దిగుతుంది. యాభై దాటిన కంటి లెన్స్ కుర్రవాళ్ల కంటి లెన్స్ అంత స్వచ్ఛంగా ఉండదు. శుక్లం పొర మొదలైతే వెలుగు లోపల చెదిరిపోయి, దీపం చుట్టూ వలయాలు కడుతుంది, పక్కనున్న బైకు మాయమవుతుంది. కెమెరా అయితే ఎంత వెలుగు పడినా తెర ఇవ్వగలిగినంత వెలుగే ఇస్తుంది, దానికి మించి ఇవ్వలేదు. మంచి కెమెరా చీకటిని కాస్త తేటపరుస్తుంది కూడా. శుక్లం ముదరకుండానే రాత్రి డ్రైవింగు మానేసిన పెద్దవాళ్లు నాకు తెలుసు. ఈ ఒక్క గుణం కోసమైనా నేను కెమెరాను తేలిగ్గా తీసిపారేయను. తెర వెలుగు రాత్రిపూట తగ్గించుకునే వీలు మాత్రం ఉండాలి. లేకపోతే చీకటికి అలవాటుపడ్డ కన్ను తెర చూసి ముందుకు తిరిగేసరికి రోడ్డు నల్లబడుతుంది.

లారీల విషయంలో నా మనసు ఇంకా మొగ్గుతుంది. పెద్ద లారీ మిర్రర్ నిలువునా ఒక పలకంత ఉంటుంది. మలుపులో, కూడలిలో దాని వెనక మనిషి నిలబడితే డ్రైవరుకు కనబడడు. మెర్సిడెస్ 2018లో యాక్ట్రోస్ ట్రక్కుకు తెచ్చిన మిర్రర్‌క్యామ్‌లో ఆ పలక తీసేసి, పైన చిన్న కెమెరా పెట్టి, లోపల స్తంభాలకు పదిహేను అంగుళాల తెరలు బిగించారు. ట్రైలరుతో బండి తిరుగుతుంటే లోపలి బొమ్మ కూడా దాని వెంటే జరుగుతుంది, కాబట్టి ట్రైలరు చివర డ్రైవరు కళ్ల నుంచి తప్పిపోదు. మామూలు మిర్రర్‌లో అయితే అలా తిరిగినప్పుడు ట్రైలరు పక్క రేకు తప్ప ఏమీ కనబడదు. వెనక బండి ఎంత దూరంలో ఉందో చెప్పే గీతలు కూడా తెర మీద ఉంటాయి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ముందు రోడ్డు చూస్తున్నప్పుడు కన్ను విశ్రాంతిగా ఉంటుంది, ఎందుకంటే దూరం చూడటానికి కంటి లెన్స్ ఏ శ్రమా పడదు. దగ్గరిది చూడాలంటే ఆ లెన్స్ ఉబ్బి తన పవర్ పెంచుకోవాలి. ఆ శక్తిని డయాప్టర్లలో కొలుస్తాం, చిన్నపిల్లల్లో అది పది డయాప్టర్లకు పైనే ఉంటుంది. యాభై ఏళ్లకు రెండు దగ్గరికి పడిపోతుంది. దాన్నే చత్వారం అంటాం. ఉన్న శక్తిలో సగం వాడితే కన్ను సుఖంగా ఉంటుందని మా వృత్తిలో పాత లెక్క. అంటే యాభై ఏళ్ల డ్రైవరుకు హాయిగా అందేది ఒక డయాప్టరు.

ఇప్పుడు మిర్రర్ చూద్దాం. చదునైన మిర్రర్‌లో వంద మీటర్ల వెనకనున్న లారీ వంద మీటర్ల దూరంలోనే ఉన్నట్టు కన్ను భావిస్తుంది. శ్రమ సున్నా. కార్లకు పక్కన ఎక్కువగా ఉండేవి ఉబ్బు మిర్రర్లు, బడిలో కుంభాకార దర్పణం అని చదువుకున్నవే. అంతర్జాతీయ నిబంధన ప్రకారం వాటి వక్రతా వ్యాసార్ధం 1200 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అలాంటి మిర్రర్‌లో దూరపు బండి ప్రతిబింబం గాజు వెనక అరవై సెంటీమీటర్ల దగ్గర ఏర్పడుతుంది. డ్రైవరు కంటి నుంచి కుడి మిర్రర్ సుమారు ఎనభై సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం మీటరూ నలభై. ఒకటిని ఆ మీటర్లతో భాగిస్తే కన్ను పెట్టాల్సిన శ్రమ వస్తుంది: 0.7 డయాప్టరు. ఎడమ మిర్రర్ ఇంకా దూరం కాబట్టి ఇంకా తక్కువ. యాభై ఏళ్ల కంటి పరిధిలోనే ఉంది.

అదే దృశ్యం డెబ్బై సెంటీమీటర్ల దూరంలో తెర మీద కనిపిస్తే? తెరకు వెనక లోతు లేదు. బొమ్మ తెర మీదే ఉంది. కన్ను 1.4 డయాప్టర్లు కూడగట్టుకోవాలి. మిర్రర్‌కు రెట్టింపు. హాయిగా అందే హద్దు దాటిపోయింది. పైగా వయసుతో తగ్గేది బలం ఒక్కటే కాదు, వేగం కూడా. దూరం నుంచి దగ్గరికి, మళ్లీ దూరానికి కన్ను మారడానికి పట్టే సమయం పెరుగుతుంది. మిర్రర్ వైపు చూపు అలా విసిరి ఇలా తిప్పుకుంటారు కదా, ఆ విసురులోనే బొమ్మ స్పష్టపడాలి. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు ఇరవై ఎనిమిది మీటర్లు పోతుంది.

మా దగ్గరికి వచ్చే ఒక ట్యాక్సీ డ్రైవరు అన్న మాట ఇది: "మేడమ్, ముందు రోడ్డు బాగా కనబడతాది. ఫోన్‌లో మ్యాపే అలికినట్టుంటాది." ఆయన వయసు యాభై మూడు. డ్యాష్‌బోర్డు మీది ఫోను ఉన్న దూరమూ, కెమెరా తెర ఉండే దూరమూ దాదాపు ఒకటే. మ్యాపు అలుక్కుపోతే పక్కవాణ్ని అడుగుతాడు, లేదా బండి ఆపి చూస్తాడు. వెనకొచ్చే లారీ అలుక్కుపోతే ఏం చేయాలి?

"కళ్లజోడు పెట్టుకుంటే సరిపోదా" అని అడగొచ్చు. మామూలు బైఫోకల్‌లో పై భాగం దూరానికి, కింది ముక్క పుస్తకం పట్టుకునే దూరానికి. తెర ఈ రెంటికీ మధ్యలో ఉంది. స్తంభం మీద, కంటి ఎత్తులో పెట్టారనుకోండి, కింది ముక్కలోంచి చూడాలంటే గడ్డం పైకెత్తాలి. గడ్డమెత్తి లారీ నడిపితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. తలుపులో కిందికి పెడితే ముక్క దొరుకుతుంది గానీ చూపు రోడ్డు నుంచి మరీ దిగిపోతుంది. ప్రోగ్రెసివ్ లెన్స్‌లో మధ్య దూరం ఉంటుంది, కానీ సన్నటి దారిలా నడుమ మాత్రమే. పక్కకు కన్ను తిప్పితే అంచుల్లో బొమ్మ వంకర పోతుంది. తెరలున్నది పక్కలనే. తల మొత్తం తిప్పి చూడటం అలవాటు చేసుకోవాలి.

లైసెన్సు దగ్గర దీన్ని పట్టుకునే ఏర్పాటు లేదు. మన దగ్గర రవాణా వాహనాల డ్రైవర్లకూ, నలభై దాటినవాళ్లకూ డాక్టరు ఇచ్చే ఫారం 1ఎలో చూపు ఎంత దూరం ఆనుతుందో తెలుసుకోవడానికి అడిగేది పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు పోల్చగలడా అని. ఆ ప్రశ్న మిర్రర్ల కాలానికి సరిపోయింది, దూరం కనబడితే మిర్రరూ కనబడేది. తెర వచ్చిన రోజున డెబ్బై సెంటీమీటర్ల దూరం కూడా అడగాలి. అది అడగని పరీక్షలో మా డ్రైవర్లు నూటికి నూరు మంది నెగ్గి, తెర ముందు తడబడతారని నా భయం.

ఇంకొన్ని చిన్న సంగతులు ఉన్నాయి. కెమెరా చూసింది తెరకు చేరడానికి కొంత సమయం పడుతుంది. అది సెకనులో అయిదో వంతు దాటకూడదని నిబంధన. కూడలిలో ముందుకు వంగితే మిర్రర్‌లో ఇంకాస్త రోడ్డు కనబడుతుంది. తెర ముందు ఎంత వంగినా అదే బొమ్మ. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకు కొన్ని తెరలు తల వంచిన కోణాన్ని బట్టి నల్లగా మారతాయి. కొనేముందు ఒకసారి పెట్టుకుని చూసుకోవాలి.

కెమెరా వద్దని నేననడం లేదు. మా జిల్లా పక్కనే పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్‌లో పై రకాలకు మిర్రర్ కింద కెమెరా ఉంటుంది. ఇండికేటర్ వేస్తే ఆ పక్క దృశ్యం మీటర్ల తెర మీద వస్తుంది. 2020లో వచ్చిన హోండా సిటీలోనూ ఎడమ పక్కకు ఇలాంటిదే ఉంది. మిర్రర్ దాని చోట అది ఉంది, అది చూపలేని మూలను కెమెరా చూపిస్తుంది. కన్ను తనకు అందినదాన్ని తీసుకుంటుంది. రేంజ్ రోవర్ ఇవోక్ లోపలి మిర్రర్‌లో ఇంకో మంచి ఏర్పాటు చూశాను: కెమెరా బొమ్మ నచ్చకపోతే కింది మీట నొక్కితే చాలు, మామూలు మిర్రర్ అయిపోతుంది. పక్క తెరలకు కూడా ఇలాంటి వీలు ఉంటేనే నేను యాభై దాటినవాళ్లకు కొనమని చెప్తాను. కెమెరాలు తప్ప వేరే దారి లేని కారును వాళ్లకు ఇప్పటికైతే చెప్పను.

ఇప్పటికే పెద్ద తెరల కారు నడుపుతున్నవాళ్లు, త్వరలో కొనబోతున్నవాళ్లు ఒక పని చేయండి. మీరు మామూలుగా నడిపేటట్టు సీటు సర్దుకుని కూర్చోండి. పక్కన ఇంకొకర్ని ఉంచుకుని, మీ కంటి చివర నుంచి తెర దాకా టేపుతో కొలిపించండి. కుడి పక్క ఒక అంకె, ఎడమ పక్క ఒక అంకె. తెర కంటి ఎత్తుకు పైనుందా, కిందుందా అన్నది కూడా రాసుకోండి. కళ్ల పరీక్షకు వెళ్లినప్పుడు ఆ చీటీ చూపించి, "ఈ దూరానికి కూడా చూసి రాయండి" అని అడగండి. ఆ అంకెలు మా దగ్గర ఉంటే ప్రోగ్రెసివ్ లెన్స్‌లో మధ్య భాగం వెడల్పుగా ఉండే రకం ఎంచి, తల మామూలుగా పెట్టి చూస్తేనే తెర కనబడేటట్టు ఎత్తు గుర్తించి ఇవ్వగలం.