ఎనిమిది స్విచ్చుల కంప్యూటర్

కాస్మాక్ ఎల్ఫ్ అనే చిన్న కంప్యూటర్‌ను ఇంట్లోనే కట్టుకునే విధానం 1976 ఆగస్టులో అమెరికా మాసపత్రిక పాపులర్ ఎలక్ట్రానిక్స్‌లో అచ్చయింది. రూపకర్త ఆర్‌సీఏ సంస్థ ఇంజనీరు జోసెఫ్ వైస్‌బెకర్. విడిభాగాలకు 80 డాలర్లు చాలన్నది అప్పటి అంచనా. ఏడాదిన్నర ముందు అదే పత్రిక పరిచయం చేసిన ఆల్టెయిర్ 8800 కిట్ ఖరీదు దాదాపు 400 డాలర్లు.

ఎల్ఫ్‌కు గుండెకాయ 1802 ప్రాసెసర్. ఇది సీమాస్ పద్ధతిలో తయారైంది. ఇందులో ట్రాన్సిస్టర్లు జంటలుగా పనిచేస్తాయి. ఒకటి తెరుచుకుంటే రెండోది మూసుకుంటుంది కాబట్టి కరెంటు నేరుగా గ్రౌండ్‌కు పోయే దారి ఉండదు. స్థితి మారే క్షణంలోనే కాస్త ఖర్చవుతుంది. అందుకే 1802 కొన్ని మిల్లీవాట్లతో సరిపెట్టుకుంటుంది. ఆల్టెయిర్‌లోని 8080 ప్రాసెసర్‌కు మూడు రకాల వోల్టేజీలు కావాలి, దీనికి 5 వోల్టులు ఒక్కటే చాలు. నిజానికి ఎల్ఫ్ బోర్డు మీద కరెంటు ఎక్కువ తాగేది ప్రాసెసర్ కాదు, అంకెలు చూపే ఎర్ర డిస్‌ప్లేలూ మెమరీ చిప్‌లూను.

అసలు తెలివి మరోచోట ఉంది. ఖాళీ మెమరీతో మేలుకున్న కంప్యూటర్‌కు తొలి ప్రోగ్రాం ఎక్కించేదెవరు? అందుకోసం శాశ్వత మెమరీలో ముందే ఒక ప్రోగ్రాం ఉండాలి, లేదా అడ్రస్ స్విచ్చులూ వాటి సర్క్యూట్లూ ఉండాలి. ఆల్టెయిర్ ముందు పలక మీద 16 అడ్రస్ స్విచ్చులు బారులు తీరింది ఇందుకే. వైస్‌బెకర్ ఈ పనిని ప్రాసెసర్‌కే అప్పగించాడు. లోడ్ స్థితిలో బటన్ నొక్కిన ప్రతిసారీ 8 స్విచ్చుల మీదున్న బైట్ మెమరీలోని తర్వాతి గదిలోకి వెళ్తుంది. ఏ గదో లెక్క చూసుకునేది లోపలి రిజిస్టరే. ఉన్నది 256 బైట్లే కాబట్టి వేళ్లకు మరీ శ్రమ లేదు. ఒకటి తప్పు పడితే మాత్రం మళ్లీ మొదటి గది నుంచి నడిచి రావాలి.

కట్టేటప్పుడు ముందుగా సాకెట్లు, రెసిస్టర్లు, స్విచ్చులు అతుకుతారు. సాకెట్‌లో 5 వోల్టులు వస్తున్నాయని మీటరుతో చూసుకున్నాకే చిప్‌లు పెడతారు. సీమాస్ చిప్‌లోని పలుచని ఆక్సైడ్ పొరకు చేతి మీది స్థిర విద్యుత్తే శత్రువు.

పరీక్షకు నాలుగు బైట్లు చాలు: 7బి, 7ఎ, 30, 00. మొదటిది క్యూ అనే దీపాన్ని వెలిగిస్తుంది, రెండోది ఆర్పుతుంది, మిగిలిన రెండూ మళ్లీ మొదటికి పంపుతాయి. ఒక్కో ఆదేశానికి 16 క్లాక్ టిక్కులు. దీపం మూడో వంతు సమయమే వెలుగుతుంది కాబట్టి మామూలు వేగంలో మసకగా, నిలకడగా కనిపిస్తుంది. 1802 గడియారాన్ని ఎంత నెమ్మది చేసినా, పూర్తిగా ఆపినా రిజిస్టర్లలోని విలువలు చెదరవు. సెకనుకు 16 టిక్కులకు దించితే దీపం ఒక సెకను వెలిగి రెండు సెకన్లు ఆరుతుంది. అప్పుడు కంప్యూటర్ అడుగులు కంటితోనే లెక్కపెట్టవచ్చు.

1977లో ఆర్‌సీఏ స్వయంగా వీఐపీ అనే కిట్ తెచ్చింది. దానికోసం వైస్‌బెకర్ రాసిన చిప్-8 భాషలో ఆటలు ఇప్పటికీ రాస్తున్నారు. రేడియేషన్‌ను తట్టుకునేలా చేసిన 1802లు 1989లో గెలీలియో నౌకతో గురుగ్రహానికి బయలుదేరాయి. ఇటీవల ఇదే ప్రాసెసర్‌తో పిప్పరమెంటు రేకు డబ్బాలో పట్టే కిట్లూ వచ్చాయి. వాటిలో మెమరీ 32 కిలోబైట్లకు పెరిగింది. బైట్ ఎక్కించే స్విచ్చులు మాత్రం ఎనిమిదే.