కప్పు మీంచి దిగే వేడి

హైదరాబాద్‌లోని మియాపూర్‌లో కారు కోసం వేరే గది కట్టుకునేవాళ్లు అరుదు. అపార్ట్‌మెంట్ల కార్లన్నీ స్టిల్టులోనో, సెల్లార్లోనో నీడపట్టున ఉంటాయి. ఇంటి పక్కనో, డాబా మీదో వేసిన రేకుల షెడ్డు సంగతి వేరు. బండి పెట్టుకోవడానికని వేసిన షెడ్డు కొన్నాళ్లకే మెకానిక్ పనిచోటో, అద్దె గదో అవుతుంది. చలిదేశాల్లో గ్యారేజీ గోడల్లో ఫైబర్‌గ్లాస్ పరుపులు అమర్చేది ముఖ్యంగా లోపలి వెచ్చదనం బయటికి పోకుండా. మన బజారులో గ్లాస్ వూల్ అని అడిగే అదే సరుకు ఇక్కడ నెత్తిమీంచి దిగే వేడిని ఆపాలి.

హైదరాబాద్‌లో మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు నీడే పడదు. కాబట్టి ఎండాకాలంలో గోడలకంటే కప్పే ఎక్కువ కాగుతుంది. నిర్మలమైన రోజున చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల ఎండ దానిమీద పడుతుంది. తుప్పుపట్టిన పాత రేకు 60 డిగ్రీలు కూడా దాటుతుంది. దాని అడుగు నుంచి వెలువడే పరారుణ కిరణాలు నేరుగా ఒంటిని తాకుతాయి. కిటికీలన్నీ తెరిచినా, ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా ఆ గదిలో మాడు మండిపోయేది అందుకే.

గాజును కరిగించి, వెంట్రుక కన్నా సన్నని పోగులుగా లాగితే గ్లాస్ వూల్ తయారవుతుంది. వేడిని ఆపేది ఆ గాజు కాదు, పోగుల సందుల్లో కదలకుండా చిక్కుకున్న గాలి. రెండంగుళాల గ్లాస్ వూల్ ఆపినంత వేడిని కాంక్రీటుతోనే ఆపాలంటే స్లాబు సుమారు రెండు మీటర్ల మందం ఉండాలి! మన ఇళ్ల స్లాబు ఐదారంగుళాలే. పై అంతస్తు వాళ్ల బాధకు కారణం ఈ లెక్కలోనే ఉంది.

గాలే అసలు సరుకు కనుక, ఫాల్స్ సీలింగ్ సందులో పరుపును అదిమి దూర్చితే పెట్టిన డబ్బులో సగం వృథా. తడిసినా అంతే. రేకు బిగించిన స్క్రూల కింద రబ్బరు వాషర్లు ఎండకు పగిలి, తొలకరికే నీరు కారుతుంది. ముందు వాటిని మార్చి, తర్వాతే పరుపు పరవాలి. పనివాళ్లకు మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ పోగులు ఒంటికి దురద, గొంతుకు మంట తెస్తాయి. పని అయ్యాక గదిలోకి పోగు రాలకుండా అడుగున పూర్తిగా కప్పెయ్యాలి.

అయితే మన ఎండకు గ్లాస్ వూల్ రెండో మెట్టే. మొదటిది తెల్ల కప్పు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కలిసి హైదరాబాద్ వాణిజ్య భవనాల మీద చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. నల్లని కప్పును తెల్లగా మారిస్తే గదులను చల్లబరిచే కరెంటు 14 నుంచి 26 శాతం ఆదా అయిందని, మామూలు కాంక్రీటు కప్పును మారిస్తే 10 నుంచి 19 శాతం ఆదా కావచ్చని అందులో తేలింది. ఎండను పైనే తిప్పికొడితే పరుపు మీద భారం తగ్గుతుంది. పరుపు లోపలికొచ్చిన వేడిని నెమ్మదింపజేస్తుందే తప్ప మాయం చేయదు. సాయంత్రం గది తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాల్సిందే.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలోని ఇళ్లకు చల్లని కప్పును తప్పనిసరి చేసి, చిన్న ఇళ్లను యజమాని ఇష్టానికి వదిలింది. ఏసీ లేక, రేకు కింద బతికేవాళ్లలో ఎక్కువమంది ఆ చిన్న ఇళ్లలోనే ఉన్నారు. సాయం మొదట అందాల్సింది వాళ్లకే. డాబా మీద రేకుల గది వేసి అద్దెకిచ్చిన యజమానులకు ఒక్క విన్నపం: ఈ మార్చి దాటకముందే ఆ రేకుకు తెల్లపూత వేయించండి, వీలైతే కింద రెండంగుళాల పరుపు కూడా పరిపించండి.